12 వోల్టులే కదా అనుకున్నాను: మావయ్య పడవ మోటారు నేర్పిన వైరింగ్ లెక్క

మన సైట్‌లో ఛార్జర్ రివ్యూ రాసేటప్పుడు కేబుల్ గురించి నేను రాసేది మహా అయితే రెండు లైన్లు. బాక్స్‌లో యూఎస్‌బీ-సీ కేబుల్ ఇచ్చారు, పొడవు ఒక మీటరు, క్వాలిటీ ఓకే. మిగతా ఆర్టికల్ అంతా వాట్ల గురించే. ఈ అలవాటే పోయిన వేసవిలో నన్ను వశిష్ఠ గోదావరి మధ్యలో, కాలిన ప్లాస్టిక్ వాసన పీలుస్తూ కూర్చోబెట్టింది.

మా మావయ్యది నర్సాపురం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చూసుకుంటాడు. తీరిక దొరికితే 14 అడుగుల ఫైబర్ పడవ వేసుకుని, గాలంతో పండుగొప్ప పట్టడానికి గోదాట్లోకి వెళ్తాడు. ఇంజన్ చప్పుడుకి చేప బెదిరిపోతోందని ఆయన కంప్లైంట్. ఒకరోజు వాట్సాప్‌లో ఒక లింక్ పంపి ఫోన్ చేశాడు. "అల్లుడూ, ఇదేదో బ్యాటరీ మోటారంట. నీ సబ్జెక్టే కదా, చూసి చెప్పు."

అది ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. పడవ వెనక చెక్కకు బిగించే ఒక గొట్టం, దాని అడుగున నీళ్లలో మునిగి ఉండే చిన్న డీసీ మోటారు, ప్రొపెల్లర్, పైన స్పీడ్ మార్చే హ్యాండిల్. శబ్దం దాదాపు ఉండదు. శక్తిని హార్స్‌పవర్‌లో కాకుండా పౌండ్ల థ్రస్ట్‌లో చెప్తారు. మావయ్య చూసింది 55 పౌండ్లది, అంటే సుమారు 25 కిలోల తోపు. 12 వోల్టులు. ఫుల్ స్పీడ్‌లో 50 ఆంపియర్ల దాకా లాగుతుందని మాన్యువల్లో ఉంది. ఆ 50 అనే అంకెను నేను చదివాను. చదివి, పక్కన పెట్టేశాను. నా బుర్రలో మిగిలింది 12 వోల్టులు మాత్రమే.

మోటారుతో పాటు 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాం. మనుషులిద్దరం వెనకే కూర్చుంటాం కాబట్టి పడవ ముక్కు పైకి లేవకుండా బ్యాటరీని ముందు పలక కింద పెట్టాలని మావయ్య అన్నాడు. మంచి మాటే. కానీ మోటారుతో వచ్చిన వైరు అంత దూరం అందదు. ఇంకో మూడు మీటర్లు కావాలి. ఇంట్లో ఏసీ పాయింట్ వేసినప్పుడు మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు చుట్ట ఉంది. ఎరుపు, నలుపు రెండూ ఉన్నాయి. మెలిపెట్టి కలిపాను, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాను, బ్యాటరీ దగ్గర క్రొకడైల్ క్లిప్పులు. ఫ్యూజ్ లేదు. పావుగంట పని.

చెరువుల దగ్గర ఏరియేటర్ల వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ అన్న అక్కడే ఉండి, "వైరు సన్నంగా ఉందేమోనండి" అన్నాడు. చెరువు గట్ల మీద కరెంటు ఎంత పని చేస్తుందో కళ్లారా చూసిన మనిషి. నేను ఏమన్నానో ఇప్పటికీ గుర్తు. "12 వోల్టులే కదన్నా, ముట్టుకున్నా షాక్ కొట్టదు."

షాక్ కొట్టలేదు, నిజమే.

రెండో స్పీడ్‌లో వెళ్లినంతసేపూ హాయిగా ఉంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆటు మొదలైంది, నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. ఎదురు వెళ్లాలంటే ఫుల్ స్పీడ్ పెట్టాలి. పెట్టాం. పది నిమిషాలు గడిచేసరికి మోటారు నీరసపడింది. "డూప్లికేట్ సరుకు అంటగట్టార్రా మనకి" అని మావయ్య తిడుతుండగానే వాసన వచ్చింది. పలక కింద చూస్తే జాయింట్ దగ్గర టేపు కారిపోతోంది. ఎరుపు వైరు తొడుగు మెత్తబడి నలుపు వైరుకు అతుక్కుంటోంది. లోపలి రాగి రాగి తగిలితే ఆ బ్యాటరీ ఒక్క క్షణంలో వేల ఆంపియర్లు వదలగలదు. మావయ్య తడి తువ్వాలు చేతికి చుట్టుకుని క్లిప్పు పీకేశాడు.

మోటారు ఆగింది. పడవ ఆగలేదు. అక్కడ గెడకి లోతు అందదు. ఉన్నది ఒకటే తెడ్డు, ఇద్దరికీ కలిపి ఒకటే లైఫ్ జాకెట్. అంతర్వేది వైపు, అంటే నది సముద్రంలో కలిసే వైపు, మెల్లగా కొట్టుకుపోతున్నాం. వలలు తీసుకుని వస్తున్న ఒక ఇంజన్ పడవవాళ్లు చూసి తాడు విసిరారు. ఒడ్డుకు చేరేదాకా మావయ్య నాతో మాట్లాడలేదు.

మిక్సీ వైరు సన్నం, పడవ వైరు లావు ఎందుకు?

12 వోల్టులు, 50 ఆంపియర్లు అంటే 600 వాట్లు. మన వంటింటి మిక్సీ కూడా ఇంచుమించు అంతే. మిక్సీ వైరు చిటికెన వేలంత కూడా ఉండదు, ఎప్పుడూ కాలదు. కారణం, 240 వోల్టుల దగ్గర 600 వాట్లకు రెండున్నర ఆంపియర్లు చాలు. 12 వోల్టుల దగ్గర అదే పనికి 20 రెట్ల కరెంటు కావాలి. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే ఒకే వైరులో 20 రెట్ల కరెంటు పంపితే వేడి 400 రెట్లు. నేను "12 వోల్టులే కదా" అన్న మాటలో అసలు ప్రమాదం ఇదే. వోల్టేజ్ ఎంత తక్కువైతే వైరు అంత లావు కావాలి.

ఫోన్ల భాషలో చెప్పాలంటే, యూఎస్‌బీ-సీలో 100 వాట్లు కావాలంటే 20 వోల్టులు, 5 ఆంపియర్లు వాడతారు. ఆంపియర్లు పెంచకుండా వోల్టులు పెంచుకుంటూ పోతారు, 240 వాట్ల స్టాండర్డ్‌లో కూడా 48 వోల్టులు, అదే 5 ఆంపియర్లు. పైగా 5 ఆంపియర్ల కేబుల్‌లో ఈ-మార్కర్ అనే చిప్ ఉంటుంది, "నేను ఇంతే మోయగలను" అని ఛార్జర్‌కు చెప్తుంది. చెప్పకపోతే ఛార్జర్ 3 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. పడవలో ఆ చిప్ లేదు. మనం ఏ వైరు కలిపితే ఆ వైరులోంచే మోటారు తన 50 ఆంపియర్లు లాక్కుంటుంది.

ఇప్పుడు మా పడవ లెక్క చూద్దాం. దూరం మూడు మీటర్లు. కానీ కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు ఆరు మీటర్లు. చాలామంది ఇక్కడే సగం లెక్క మర్చిపోతారు. మెత్తటి పోగుల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు సుమారు 8 మిల్లీఓమ్‌ల నిరోధం. ఆరు మీటర్లకు 48. దాన్ని 50 ఆంపియర్లతో గుణిస్తే 2.4 వోల్టులు వైరులోనే పోతాయి, 120 వాట్ల వేడిగా. పన్నెండులో ఐదో వంతు మోటారు దాకా చేరనే లేదు. మావయ్య తిట్టిన డూప్లికేట్ సరుకు మోటారు కాదు, నా వైరు.

అదే లెక్క లావు వైర్లకు వేస్తే ఇలా వస్తుంది. 6 స్క్వేర్ ఎంఎంకు ఒక వోల్టు పోతుంది, 50 వాట్ల వేడి. 10కి 0.57 వోల్టులు. 16కి 0.36 వోల్టులు, 18 వాట్లు. అమెరికాలో పడవల వైరింగ్‌కు ఏబీవైసీ సంస్థ ఇచ్చే ఈ-11 ప్రమాణం ముఖ్యమైన సర్క్యూట్లలో వోల్టేజ్ నష్టం 3 శాతం దాటకూడదంటుంది, మిగతావాటికి 10 శాతం దాకా ఒప్పుకుంటుంది. 12లో 3 శాతం అంటే 0.36. సరిగ్గా 16 దగ్గర కూర్చుంది. ఎదురు నీటిలో ఇంటికి చేర్చాల్సిన మోటారును నేను ముఖ్యమైన లెక్కలోనే వేస్తాను.

ఇక్కడ ఒక ట్రాప్ ఉంది. సోలార్ కేబుల్ కేటలాగ్ తెరిస్తే 6 స్క్వేర్ ఎంఎంకే 70 ఆంపియర్లు అని కనిపిస్తుంది. 50 కదా, చాలదా? ఆ 70 అనేది లోపలి రాగి 120 డిగ్రీల దాకా వేడెక్కినా తొడుగు తట్టుకుంటుంది అనే లెక్కలో ఇచ్చిన అంకె. వైరు బతుకుతుంది, నిజమే. మోటారుకు బలం తగ్గుతుంది, పలక కింద వేడి పెరుగుతుంది, బ్యాటరీలోంచి మీరు కొన్న కరెంటు గాలిలో కలుస్తుంది. వైరు కాలకుండా ఉండటం ఒక పరీక్ష, వోల్టులు మోటారు దాకా చేరటం రెండో పరీక్ష. రెండూ పాసవ్వాలి.

పైన రాగి, లోపల వెండి రంగు

16 అని తేల్చుకున్నాక మొదట ఆన్‌లైన్‌లో చూశాను. లావుగా, మెత్తగా, అనుమానం వచ్చేంత చవకగా ఒక కేబుల్ కనిపించింది. కింద చిన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంది. అంటే అల్యూమినియం పోగుల మీద రాగి పూత. కారు ఆడియో కిట్లలో ఇది మామూలే. అల్యూమినియం రాగి మోసే కరెంటులో సుమారు 60 శాతమే మోస్తుంది. అంతకంటే పెద్ద సమస్య ఉప్పు నీరు. వేసవిలో గోదావరి ప్రవాహం తగ్గితే పోటు పైకి ఎక్కి నర్సాపురం దగ్గర నీళ్లు ఉప్పగా అవుతాయి. రాగి, అల్యూమినియం, ఉప్పు నీరు మూడూ ఒకచోట చేరితే అల్యూమినియం తినేసుకుంటూ పోతుంది.

దీన్ని పట్టుకోవడం తేలికే. ఒక పోగును బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెలుపు వస్తే సీసీఏ, మేడిపండు వ్యవహారం. పైన తెలుపు, లోపల రాగి రంగు వస్తే అది తగరం పూత వేసిన అసలు రాగి, పడవకు మనం వెతికేది అదే. చేతిలో పట్టుకున్నా తెలుస్తుంది, రాగి సాంద్రత అల్యూమినియంకు మూడు రెట్లకు పైనే. చుట్ట బరువుగా లేకపోతే అనుమానించండి.

తగరం పూత ఎందుకంటే, ఉత్త రాగి పోగుల్లోకి ఉప్పు తేమ చేరితే తొడుగు లోపల కూడా పాకుతూ పోతుంది. ఏడాది తర్వాత చివర కోసి చూస్తే నల్లగా ఉంటుంది, ఇంకో నాలుగు అంగుళాలు కోసినా నల్లగానే ఉంటుంది. నల్లబడిన రాగికి కొత్త లగ్గు వేసినా పట్టు ఉండదు. పడవల కోసమే చేసే మెరైన్ కేబుల్ తగరం పూతతోనే వస్తుంది, కానీ మన ఊళ్లలో షాపుకెళ్లి అడిగితే దొరకడం కష్టం. నాకు దారి చూపించింది ఆ ఎలక్ట్రీషియన్ అన్నే. "సోలార్ వైరు చూడండి బాబూ, అదీ తెల్ల రాగే." సోలార్ ప్యానెళ్ల డీసీ కేబుల్‌లో సన్నటి పోగులు, తగరం పూత, రెండు పొరల తొడుగు ఉంటాయి. ఎండకు, తేమకు తట్టుకునేలా చేసిందే. వైరు మీద ఐఎస్ 17293 అని ముద్ర ఉందో లేదో చూసి 16 స్క్వేర్ ఎంఎం ఎరుపు నాలుగు మీటర్లు, నలుపు నాలుగు మీటర్లు తీసుకున్నాను. వంగడం కొంచెం కష్టం, అదొక్కటే నాకు నచ్చనిది. వెల్డింగ్ కేబుల్ అయితే పాములా వంగుతుంది, కానీ సాధారణంగా ఉత్త రాగి. మంచినీటి చెరువులో అయితే ఆలోచిస్తాను, ఉప్పు పోటులో వద్దు.

ఫ్యూజ్ ఎవరిని కాపాడుతుంది?

నిజం చెప్పాలంటే, ఆ రోజు బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్నా నా వైరు కాలేది. మోటారు లాగింది 50 లోపే. ఫ్యూజ్ దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. బ్యాటరీలోని బీఎంఎస్ కూడా అంతే. మాది 100 ఆంపియర్లు దాటితే గానీ కదలదు. లిథియం బ్యాటరీకి బీఎంఎస్ ఉంది కదా, ఫ్యూజ్ ఎందుకు అని అడిగేవాళ్లకు ఇంకో మాట. బీఎంఎస్‌లో స్విచ్ పని చేసే మాస్‌ఫెట్లు చెడిపోతే చాలాసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతాయి. అది బ్యాటరీ సెల్స్‌ను కాపాడటానికి ఉంది, మన వైరును కాదు.

ఫ్యూజ్ మోటారును కాపాడుతుందని నేను అనుకునేవాణ్ణి. అది కాపాడేది వైరును. అందుకే అంకెలు ఒక వరసలో ఉండాలి. మోటారు లాగేది 50, ఫ్యూజ్ 60, వైరు మోయగలిగేది అంతకంటే బాగా ఎక్కువ. ప్రొపెల్లర్‌కు గుర్రపుడెక్కో తెగిన వల ముక్కో చుట్టుకుని మోటారు బిగుసుకుపోతే కరెంటు 50 దాటి ఎగబాకుతుంది. అప్పుడు వైరు కంటే ముందు ఫ్యూజ్ పోవాలి.

అది ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. మోటారు పక్కన పెడితే దానికి, బ్యాటరీకి మధ్య ఉన్న మూడు మీటర్ల వైరుకు కాపలా లేనట్టే. ఏబీవైసీ మూల సూత్రం బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపు. నేను బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీదే బిగించే ఎంఆర్‌బీఎఫ్ రకం ఫ్యూజ్ వేశాను. కొనేటప్పుడు ఆంపియర్లతో పాటు ఇంటరప్ట్ కెపాసిటీ కూడా చూడండి, వేల ఆంపియర్లలో ఉండాలి. షార్ట్ అయినప్పుడు లిథియం బ్యాటరీ వదిలే కరెంటును తెంపలేని ఫ్యూజ్ ఉన్నా లేనట్టే. కారు బ్లేడ్ ఫ్యూజులు ఈ పనికి చిన్నవి.

ఇంట్లో ఎంసీబీ ఖాళీగా ఉంది కదా, అది పెట్టేయొచ్చుగా అని మావయ్య అడిగాడు. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది, ఎంసీబీ తెరుచుకున్నప్పుడు లోపల లేచే మెరుపు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా ఉండదు. 12 వోల్టుల దగ్గర ఎలాగో నెట్టుకొచ్చినా రేపు 24, 48 వోల్టుల మోటారుకు మారితే లోపలే మండుతూ ఉండిపోవచ్చు. బ్రేకర్ కావాలంటే డీసీ వోల్టేజ్ రేటింగ్ ముద్రించి ఉన్నదే తీసుకోండి.

జాయింట్ అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్

ఇంత చేసి చివర క్రొకడైల్ క్లిప్పు తగిలిస్తే మొత్తం దండగ. సరిగ్గా పట్టని క్లిప్పులోనో మెలిపెట్టిన జాయింట్‌లోనో 10 మిల్లీఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. మీ మల్టీమీటర్‌కు అది కనిపించను కూడా కనిపించదు. 50 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోట 25 వాట్లు. మనందరి టేబుల్ మీద ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. దాన్ని ఆన్ చేసి పలక కింద పడేసినట్టు.

అందుకే మధ్యలో జాయింట్లు లేకుండా ఒకే ముక్క వైరు. చివర్లకు రాగి లగ్గులు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేశాను. క్రింపర్ కొనక్కర్లేదు, సోలార్ ఫిట్టింగ్ చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. కటింగ్ ప్లయర్‌తో నొక్కి మమ అనిపించకండి. టంకం మాత్రమే పెట్టి వదిలేయడం కూడా వద్దు, పడవ అదురుకి టంకం అంచు దగ్గర పోగులు విరుగుతాయి, వేడెక్కితే టంకమే కరిగి ఊడుతుంది.

మోటారు వైపు ఊడదీసుకునేలా కనెక్టర్ కావాలి. డ్రోన్లు చేసేవాళ్లు వెంటనే ఎక్స్‌టీ60 అంటారు. పేరులో 60 ఉన్నా ఆగకుండా మోసేది దాదాపు అందులో సగమే. నేను ఆండర్సన్ రకం 120 ఆంపియర్లది తీసుకున్నాను, 50ది బొటాబొటి అవుతుందని. లోపలి పిన్ను 16 స్క్వేర్ ఎంఎం వైరుకు సరిపోతుందో లేదో అడిగి తీసుకోండి. స్పీడ్ సున్నాకు తెచ్చాకే లాగండి, తిరుగుతుండగా లాగితే పిన్నుల మీద మెరుపు వచ్చి నల్లబడతాయి.

కట్టేసి కొలిచాం

రివ్యూయర్ బుద్ధి ఊరుకోదు కదా. పడవను చెరువు గట్టుకు తాడుతో కట్టేసి ఫుల్ స్పీడ్ పెట్టి, డీసీ క్లాంప్ మీటర్‌తో కొలిచాను. కాలిపోయిన వైరు చుట్టలో మిగిలిన కొత్త ముక్కతో ముందు ఒక్క నిమిషం. బ్యాటరీ దగ్గర 13.0 వోల్టులు, మోటారు దగ్గర 10.9. కరెంటు 41 ఆంపియర్లే. వోల్టేజ్ పడేసరికి మోటారు నెమ్మదించి కరెంటూ తగ్గింది, అందుకే లెక్కలో వేసిన 50 ఇక్కడ రాలేదు. నిమిషానికే వైరు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. తర్వాత సోలార్ కేబుల్. బ్యాటరీ దగ్గర 13.0, మోటారు దగ్గర 12.6, కరెంటు 47. ఇరవై నిమిషాల తర్వాత కూడా లగ్గుల మీద చెయ్యి పెట్టి ఉంచగలిగాను. గట్టుకు కట్టిన తాడు కొట్టొచ్చినట్టు బిగుసుకుంది. "ఇదే మోటారా?" అన్నాడు మావయ్య.

వైరు, లగ్గులు, ఫ్యూజ్, స్పేర్ ఫ్యూజ్, కనెక్టర్ అన్నీ కలిపి ఒక మిడ్‌రేంజ్ ఇయర్‌బడ్స్ ధరలో అయిపోయాయి. రెండో లైఫ్ జాకెట్, రెండో తెడ్డు అదనం.

ఇప్పుడు మావయ్య వారానికి రెండుసార్లు వెళ్తున్నాడు. మొన్న ఫోన్ చేసి ఇంకో కోరిక కోరాడు. పడవలో ఫోన్ ఛార్జింగ్ పాయింట్ కావాలట, ఆ లావు వైరు లోంచే సన్నది ఒకటి లాగెయ్యనా అని. 60 ఆంపియర్ల ఫ్యూజ్ వెనక సన్నటి వైరు అంటే మళ్లీ నా పాత జాయింట్ కథే. ఆ సన్న వైరుకు మొదట్లోనే విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజ్ వేయమన్నాను. "నువ్వొచ్చాకే వేద్దాంలే" అన్నాడు. ఆ ఎలక్ట్రీషియన్ అన్నని కూడా పక్కన ఉండమని చెప్పానన్నాడు.